తాటాకు పురుగు నుండి కంప్యూటరు వైరస్ వరకు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఏదైన ఒక చరిత్ర విషయమును గూర్చి వ్రాయవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరినారు. దేవాలయముల చరిత్రలు, రేవుల చరిత్రలు వ్రాయగల పెద్దలు మన ఊరిలో వేరుగ నున్నారు. నేను కొంతకాలము ఈ గ్రంథాలయపు పుస్తకముల లెక్కలును, కంప్యూటరు బాధ్యతయు చూచినవాడను గనుక, ఆ బల్లకు సంబంధించిన చరిత్రనే వ్రాయ సాహసించుచున్నాను. కాలము చెల్లిన ఆపరేటింగ్ సిస్టములను విడువక పట్టుకొనుట వలన లోకమునకును, మన ఆంధ్రమునకును, చివరకు మన గ్రంథాలయమునకును కలిగిన చిక్కులును, యాంటీవైరస్ రక్షణ యొక్క అవసరమును ఇందలి విషయములు. చదువరులు దీనిని యంత్రముల చరిత్రగా గాక మన జాగ్రత్తకును అజాగ్రత్తకును సంబంధించిన చరిత్రగా చదువ ప్రార్థన.

గ్రంథమునకు పురుగు క్రొత్త కాదు

నెల్లూరు మనుమసిద్ధి ఆస్థానమున ఉండిన తిక్కన సోమయాజి భారతమున పదునైదు పర్వములను తెనిగించి ఏడు వందల ఏండ్లు దాటినవి. ఆ కాలపు తాటాకు ప్రతి మనకు దక్కలేదు. భారతము మాత్రము దక్కినది. ఉప్పుగాలి, తేమ, చెదలు, పురుగు ఆకును తినుచుండగా, ప్రతి తరమునందును ఎవరో ఒక లేఖకుడు పాత ప్రతిని ముందుంచుకొని క్రొత్త ఆకులపై గంటముతో మరల వ్రాసెను. ఆకులకు తైలము పూసిరి, పసుపు రాచిరి, గుడ్డలో చుట్టి కట్టిరి. ఈ ఉపచారములు ఆకు ఆయువును కొంత పెంచినవి. గ్రంథమును నిలిపినది మాత్రము మరల వ్రాయుటయే.

పందొమ్మిదవ శతాబ్దమున సి.పి. బ్రౌన్ దొర కడపలో పండితులకు జీతములిచ్చి, శిథిలమగుచున్న ప్రతులను వెదకి తెప్పించి, కాగితముపై శుభ్రముగా ఎత్తి వ్రాయించెను. ఆయన కూర్చిన సంపద నేడు చెన్నపట్నమునందలి ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమున భద్రముగా నున్నది. ఆ పని ఆనాడు జరుగనిచో, ఎన్ని కావ్యములు పురుగుల పాలై యుండెడివో చెప్పనలవి కాదు.

మన పెద్దలు ఈ విధముగా రెండు సూత్రములను ఆచరణలో చూపినారు. చివికిన ఆకును నమ్ముకొని కూర్చుండక, గ్రంథమును సకాలమున క్రొత్త ఆకుపైకి మార్చవలెను. ఒకే ప్రతిపై ఆధారపడక రెండవ ప్రతిని వేరొక చోట ఉంచవలెను. కంప్యూటరు కాలమున పండితులు చెప్పుచున్న మాటలును ఈ రెండే. మనము తాటాకు విషయమున పాటించినదానిని పెట్టె విషయమున మరచితిమి.

ఆపరేటింగ్ సిస్టమనగా నేమి

కంప్యూటరు తెలియని చదువరుల కొరకు రెండు మాటలు. మన గ్రంథాలయమున పాఠకుడు తానుగా బీరువా తెరువడు. గ్రంథపాలకుని అడుగును; ఆయన పుస్తకము తెచ్చి ఇచ్చును, చిట్టాలో వ్రాసికొనును, తిరిగి తీసికొని యథాస్థానమున ఉంచును. కంప్యూటరులో అట్టి గ్రంథపాలకుడే ఆపరేటింగ్ సిస్టము. మనము ఉత్తరము వ్రాసినను, ఫొటో చూచినను, ఇంటర్నెట్టు తెరచినను, ఆ పనులన్నియు దాని చేతిమీదుగానే జరుగవలెను. ఆ గ్రంథపాలకుని మోసగింపగలవానికి బీరువాలన్నియు తెరచినట్లే.

ఇట్టి సిస్టము కోట్లకొలది పంక్తుల ఆదేశములతో అల్లబడి యుండును. అంత పెద్ద అల్లికలో కన్నములు లేకుండుట అసాధ్యము. అమ్మిన తరువాత ఏండ్ల తరబడి అవి ఒక్కొక్కటిగా బయటపడుచుండును. బయటపడినప్పుడెల్ల తయారీదారులు అతుకు వేసి ఇంటింటికి పంపుదురు. దానినే అప్‌డేట్ అందురు. కొన్ని సంవత్సరములైన పిమ్మట, ఇక ఆ సిస్టమునకు అతుకులు పంపబోమని తేదీ నిర్ణయించి ప్రకటింతురు. ఆ తేదీ దాటినను యంత్రము ఆగిపోదు. నిన్నటివలెనే వెలుగును, నిన్నటివలెనే పనిచేయును. మోసపోవుటకు మూలమిదియే. పై చూపునకు ఏ మార్పును లేదు. కావలివాడు మాత్రము వెళ్లిపోయినాడు.

ఇందులో మరియొక చిక్కు కలదు. క్రొత్త సిస్టములోని కన్నమునకు అతుకు వేసినప్పుడు, ఆ కన్నము ఎక్కడ నున్నదో లోకమునకు తెలియును. అదే కన్నము పాత సిస్టములోను ఉండి, దానికి అతుకు లేనిచో, దొంగకు ఇల్లు చూపి తాళము లేదని చెప్పినట్లగును. కాలము చెల్లిన సిస్టము దినదినమునకు ఎక్కువ ప్రమాదకరమగుటకు ఇది కారణము.

వైరస్ పుట్టుక

తనంత తాను ప్రతులను పెంచుకొని ఒక కంప్యూటరు నుండి మరియొకదానికి ప్రాకు కపట ప్రోగ్రామునకు వైరస్ అను పేరు 1984లో అమెరికా పండితుడు ఫ్రెడ్ కోహెన్ వ్రాసిన పరిశోధన వ్యాసము ద్వారా ప్రచారమునకు వచ్చెను. 1986లో లాహోరు నగరమున కంప్యూటరు దుకాణము నడుపుచుండిన ఇద్దరు సోదరులు 'బ్రెయిన్' అను వైరస్‌ను వ్రాసిరి. తాము తయారుచేసిన వైద్య సంబంధమైన ప్రోగ్రామును దొంగ ప్రతులు తీయువారిని పట్టుకొనుటయే తమ ఉద్దేశమని వారు చెప్పిరి. దానిలో తమ పేర్లును, దుకాణపు చిరునామాను, టెలిఫోను నంబరును గూడ వ్రాసికొనిరి! అది ఫ్లాపీల మీద ఎక్కి అమెరికా వరకు ప్రయాణము చేసెను. ఐ.బి.యం. తరహా కంప్యూటర్లకు సోకిన తొలి వైరస్‌గా దానిని లెక్కింతురు.

1988 నవంబరు 2వ తేదీన రాబర్టు మోరిస్ అను విద్యార్థి విడిచిన ప్రోగ్రాము ఫ్లాపీ లేకుండనే, తీగల వెంబడి ప్రాకి, అప్పటి ఇంటర్నెట్టులోని కంప్యూటర్లను వేలకొలదిగా స్తంభింపజేసెను. ఇటువంటిదానికి వారు పెట్టిన పేరు పురుగు. గ్రంథాలయము వారికి ఆ పేరు వినగానే విషయము బోధపడును.

వ్యాధి పుట్టినచోట వైద్యుడును పుట్టును. మన పొరుగుననే చెన్నపట్నమున 1991లో 'కే సెవెన్' సంస్థయు, పూనాలో కంప్యూటర్లు బాగుచేయు చిన్న దుకాణముగా 1993లో మొదలై తరువాత 'క్విక్ హీల్' అను పేరు పొందిన సంస్థయు యాంటీవైరస్ ప్రోగ్రాములను తయారుచేసి దేశమంతట వ్యాపింపజేసినవి. యాంటీవైరస్ చేయుపని పోలీసు స్టేషనులో పాత నేరస్థుల వేలిముద్రల పట్టిక ఉంచుట వంటిది. లోనికి వచ్చు ప్రతి ఫైలును ఆ పట్టికతో సరిచూచును. పట్టికలో లేకున్నను నడవడి అనుమానాస్పదముగా నున్నచో ఆపును. పట్టికను ఎప్పటికప్పుడు క్రొత్తదిగా ఉంచుకొననిచో ఆ కావలివాడు నిన్నటి దొంగను మాత్రమే గుర్తుపట్టును.

రొయ్యల చెరువు నేర్పిన పాఠము

వైరస్ అను మాట మన తీరమునకు కంప్యూటరుతో రాలేదు. రొయ్యతో వచ్చినది. 1990 తరువాత కండలేటి పాయ వెంబడిని, బకింగ్‌హాం కాలువ ప్రక్కలను టైగర్ రొయ్యల చెరువులు త్రవ్వి, రెండు మూడు పంటలకే కొందరు మిద్దెలు కట్టినది మనమెరుగుదుము. 1994లో తెల్లమచ్చల వ్యాధి వచ్చినది. వలలో పడిన రొయ్య తలపెంకుపై తెల్లని మచ్చలు కనబడిన వారము పది దినములలో చెరువు చెరువంతయు చచ్చి తేలెను. అప్పులు చేసి సాగుచేసిన కుటుంబములు భూమి అమ్ముకొన్నవి.

ఆ వ్యాధికి నాడు మందు లేదు, నేడును లేదు. వ్యాధి సోకిన చెరువు నీటిని ఒకరు కాలువలోనికి విడిచినచో, ఆ కాలువ నీరే తోడుకొన్న పొరుగువాని చెరువు చెడెను. పీతలు గట్టు దాటి వ్యాధిని మోసినవి. కొన్ని ఏండ్ల కష్టము మీద మన రైతు నేర్చుకొన్నది రానీయకుండ ఉండు విద్య. పంటకు పంటకు నడుమ చెరువును ఎండగట్టుట, నీటిని శుద్ధిచేసి వాడుట, గట్ల చుట్టు పీతలకు వల కంచెయు, పైన పక్షులకు వలయు కట్టుట, పిల్లలను పరీక్ష చేయించి మాత్రమే వదలుట అలవాటైనవి. 2009 నుండి వనామీ రొయ్య వచ్చినప్పుడు, వ్యాధిలేని తల్లి రొయ్యలను విదేశముల నుండి తెప్పించి, చెన్నైలో వేరుగ ఉంచి పరీక్షించిన పిమ్మటనే హేచరీలకు ఇచ్చు కట్టుబాటు ఏర్పడినది.

ఈ సంగతి తెలిసిన రైతునకు కంప్యూటరు వైరస్‌ను గూర్చి వేరుగ బోధింపనక్కరలేదు. పరీక్ష లేని పిల్ల ఎట్టిదో, ఎవరిదో తెలియని పెన్‌డ్రైవ్ అట్టిది. కంచె వంటిది యాంటీవైరస్; గట్టు వంటిది ఆపరేటింగ్ సిస్టము. గట్టుకు గండి పడియుండగా కంచెను ఎంత ఎత్తున కట్టినను ప్రయోజనము లేదు. అంతకంటె ముఖ్యమైన మాట మరియొకటి: ఒక చెరువు అజాగ్రత్త కాలువ పొడుగున ఉన్నవారందరికి చేటు.

మందు ముందు, రోగము వెనుక

మన రాష్ట్రమున సామాన్య ప్రజల పనులు కంప్యూటరు మీదికి ఎక్కుట 1998లో ప్రస్ఫుటమైనది. ఆ సంవత్సరము నవంబరు 4వ తేదీన సబ్ రిజిస్ట్రారు కార్యాలయములలో 'కార్డ్' అను పద్ధతి ప్రారంభమై, దస్తావేజులను చేతితో ఎత్తి వ్రాయుట తగ్గినది. 2001లో ఈసేవ కేంద్రములు, 2019లో గ్రామ సచివాలయములు వచ్చినవి. భూమి, బిల్లు, పింఛను, పరీక్షా ఫలితము అన్నియు పెట్టెలో చేరినవి. పెట్టెకు జబ్బు చేసిన ఊరి పని ఆగు కాలము వచ్చినది.

మన గ్రంథాలయము తలుపులు తెరచిన 2001వ సంవత్సరముననే, అక్టోబరు 25వ తేదీన, మైక్రోసాఫ్టువారి విండోస్ ఎక్స్‌పీ విడుదలయ్యెను. ఆకుపచ్చని కొండపై నీలాకాశము గల ఆ తెర మన దేశమున లక్షల బల్లలమీద వెలిగినది. దాని చరిత్రలో ఒకే సంగతి మరల మరల జరిగినది.

2003 జూలై 16వ తేదీన ఒక కన్నమునకు అతుకు విడుదలయ్యెను. ఆగస్టు 11వ తేదీన అదే కన్నము గుండా 'బ్లాస్టర్' అను పురుగు ప్రవేశించెను. నెట్టుకు కలిపిన కంప్యూటరు నిమిషములో ఆరి మరల వెలుగుచుండెను. అతుకు వచ్చిన 26 దినములకు రోగము వచ్చినదన్నమాట. 2008 అక్టోబరు 23వ తేదీన మరియొక అతుకు వచ్చెను. మరుసటి నెలలోనే 'కాన్‌ఫికర్' బయలుదేరి, తీగల వెంబడిని, పిదప పెన్‌డ్రైవ్‌ల మీదను లక్షల యంత్రములకు ప్రాకెను. రెండు పర్యాయములును మందు ముందే వచ్చినది. వేసికొననివారే పడిపోయిరి.

2014 ఏప్రిల్ 8వ తేదీతో ఎక్స్‌పీకి అతుకులు పంపుట ముగిసినది. పండ్రెండేండ్లకు పైబడిన సేవ అది. అయినను మన కార్యాలయములందును, బడులందును, నెట్ సెంటర్లందును అది వెలుగుచునే ఉండెను.

2017 మార్చి 14వ తేదీన విండోస్‌లోని ఒక పెద్ద కన్నమునకు అతుకు వచ్చెను. ఆ కన్నమును అమెరికా గూఢచారి శాఖ ముందే కనిపెట్టి తన ఆయుధముగా దాచుకొని యుండెను. ఏప్రిల్ 14వ తేదీన ఆ ఆయుధమును ఒక ముఠా బయటపెట్టెను. మే 12వ తేదీన 'వానాక్రై' అను పురుగు దానిని ఆధారము చేసికొని లోకము మీద పడెను. అది ఫైళ్లను చెరపదు. తాళము వేసి, తాళపుచెవి కావలెనన్న 300 డాలర్లు బిట్‌కాయిన్లలో చెల్లింపుమనును. మూడు దినములు దాటిన రెట్టింపు చేయును. 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాతబడినవి. ఇంగ్లండులో ప్రభుత్వ ఆసుపత్రులను నడుపు సంస్థలలో సుమారు మూడవవంతు చిక్కుపడి, వేలకొలది రోగుల చికిత్సలు వాయిదా పడినవి.

మే 13వ తేదీకి ఆ వార్త ఆంధ్రదేశపు వార్తయైనది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నము, శ్రీకాకుళము జిల్లాలలోని పోలీసు కార్యాలయములందు కంప్యూటర్లకు తాళములు పడినవి. 102 యంత్రములని నాటి పత్రికలు వ్రాసినవి. ఆ వారములోనే తిరుమల తిరుపతి దేవస్థానము పరిపాలనా విభాగములోని కొన్ని కంప్యూటర్లకును అది సోకెను. భక్తుల దర్శనపు టిక్కెట్లకు అంతరాయము కలుగలేదు. దొంగలను పట్టువారి పెట్టెయని గాని, వేంకటేశ్వరస్వామి కార్యాలయమని గాని ఆ పురుగు చూడలేదు. కన్నమున్నదా లేదా అని మాత్రమే చూచినది.

ఎక్స్‌పీకి మార్చి నెలలో రాని అతుకును, దాడి జరిగిన వెంటనే మైక్రోసాఫ్టువారు నియమము తప్పించి విడుదల చేసిరి. ఇల్లు అంటుకొన్న పిమ్మట నీరు వచ్చినట్లు అది వచ్చినది. అయితే ఇచట ఒక సత్యమును దాచరాదు. ఆ నాటి చేటుకెల్ల ఎక్స్‌పీయే కారణమని చాలమంది తలచిరి. తరువాత లెక్కలు తీసిన నిపుణులు, దెబ్బతిన్న యంత్రములలో అత్యధిక భాగము విండోస్ 7తో నడచుచుండెనని తేల్చిరి. విండోస్ 7కు నాటికింకను అతుకులు వచ్చుచునే యున్నవి. రెండు నెలల ముందే మందు ఇంటి గడప దాక వచ్చియున్నది. ఎక్స్‌పీ యంత్రములపై ఆ పురుగు సరిగా పనిచేయక, అవి పెక్కు తడవలు నీలితెర చూపి ఆగిపోయినవట. కావున క్రొత్తది కొన్నంత మాత్రమున రక్షణ రాదు. పాతదానికి మందు లేదు. క్రొత్తదానికి మందున్నను మ్రింగినగదా గుణము!

ఆ జూన్ 27వ తేదీననే అదే కన్నమును వాడుకొన్న మరియొక పురుగు విదేశ నౌకా సంస్థ ఒకదానిని కూల్చగా, బొంబాయి చెంతనున్న నవాషేవా రేవులో ఆ సంస్థ నడుపు టెర్మినలున సరకుల ఎగుమతి దిగుమతులు చిక్కుపడినవి. కృష్ణపట్నమును కన్నులయెదుట ఉంచుకొన్న మనకు, రేవు ఆగుట యనగా లారీలు, కూలీలు, వర్తకులు అందరును ఆగుటయని వేరుగ చెప్పనేల?

2019 ఏప్రిల్ నెల చివర ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లపై సొమ్ము కోరు దాడి జరిగెను. మన నెల్లూరు జిల్లాకు కరెంటు ఇచ్చు దక్షిణ ప్రాంత సంస్థయు వానిలో ఒకటి. సమాచారమునకు వేరుప్రతి ముందే తీసియుంచుటచే దానిని మరల నెక్కించుకొనుటకు వీలైనది. తాటాకు లేఖకుని రెండవ సూత్రమే ఇచట మన కొంప నిలిపినది.

మన బల్లమీది కథ

ఇతరుల కథలు చెప్పి మన కథ దాచుట న్యాయము కాదు. మన గ్రంథాలయమునకు దాతలిచ్చిన తొలి కంప్యూటరులో ఎక్స్‌పీ యుండెను. అది సొమ్ము చెల్లించి కొన్న ప్రతి కాదు. అప్‌డేట్లు వచ్చుచున్నచో నెట్టు డబ్బులు అయిపోవుచున్నవని దానిని నిలిపివేయించినది నేను. ఒక సంవత్సరమునకు కొన్న యాంటీవైరస్ గడువు తీరినప్పుడు, 'ఇన్నాళ్లు ఏమైనది గనుక!' అని మరల కొననీయనిదియు నేనే. గ్రంథాలయపు సొమ్ము ఒక్క రూపాయియు వృథా కారాదను పట్టుదలతోనే అట్లు చేసితిని. ఆ పట్టుదల మంచిదే, లెక్క తప్పినది.

2016 వేసవిలో ఉద్యోగ దరఖాస్తు ప్రింటు తీసికొనుటకు ఒక అబ్బాయి పెన్‌డ్రైవ్ తెచ్చినాడు. అది అంతకు ముందు ఎన్ని పెట్టెలు తిరిగినదో వానికి తెలియదు. మరునాటికి మన ఫోల్డర్లన్నియు మాయమై, వాని స్థానమున చిన్న బాణపు గుర్తుగల బొమ్మలు మిగిలినవి. రెండేండ్లు కూర్చుండి టైపు చేసిన మూడువేల పైచిలుకు పుస్తకముల పట్టిక అందులో ఉండెను. నేను గాభరాపడి, పెట్టెను పట్టణమునకు మోయించుకొనిపోయి, అంతయు తుడిచివేసి క్రొత్తగా వేయుమని చెప్పితిని. చెప్పినట్లే వారు చేసిరి. ఆ రకపు వైరస్ ఫైళ్లను చెరపదనియు, కనబడకుండ దాచునే గాని అవి అక్కడనే ఉండుననియు, తెలిసినవాడు వానిని గంటలో బయటికి తీయగలడనియు ఆరు నెలల తరువాత ఒక ఇంజనీరింగు విద్యార్థి నాకు చెప్పినాడు. పురుగు తినని గ్రంథమును నా చేతులతో నేనే కాల్చుకొంటినని ఆనాడు తెలిసినది.

మనలను కాపాడినది బీరువాలోని చేతివ్రాత నమోదు పుస్తకము. తొలి దినము నుండి గ్రంథపాలకులు వరుస సంఖ్యతో, నల్లసిరాతో వ్రాసికొని వచ్చిన ఆ పుస్తకమును ముందుంచుకొని, ఇంటరు చదువుచున్న ఇద్దరు ఆడపిల్లలు రెండు వేసవులు కూర్చుండి పట్టికను మరల ఎక్కించినారు. నేడు మీరు పుస్తకము అడిగిన నిమిషములో అది ఏ బీరువాలో నున్నదో చెప్పగలుగుట వారి చలువయే.

నేడు చేయవలసినది

గతమును తలచుకొని విచారించుట కంటె, గడప దాటుచున్న కాలమును గమనించుట మేలు. విండోస్ 7కు 2020 జనవరి 14వ తేదీతో సంరక్షణ ముగిసినది. 2015లో వచ్చిన విండోస్ 10కి 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. నమోదు చేసికొన్న గృహ వినియోగదారులకు 2026 అక్టోబరు 13వ తేదీ వరకు భద్రతా అతుకులు ఇత్తుమని మైక్రోసాఫ్టువారు గడువు పెంచిరి. ఎక్స్‌పీ నాటి పరిస్థితియే మరల మన వాకిట నిలిచినది.

ఇచట పేదవారి కష్టమును గూడ చెప్పవలెను. 2021లో వచ్చిన విండోస్ 11 పాత యంత్రములను అంగీకరింపదు. కొన్ని రకముల ప్రాసెసరును, భద్రతా చిప్పును కోరును. చక్కగా పనిచేయుచున్న పెట్టెను పారవేయుమనుట పల్లె గ్రంథాలయమునకును, చిన్న బడికిని భారమే. అట్టివారికి లినక్సు అను మార్గమొకటి కలదు. 1991లో ఫిన్లండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఈ సిస్టము ఉచితము; తేలికపాటి రకములు పాత యంత్రముల మీదను నడచును; అతుకులు ఇంకను వచ్చుచుండును. మన కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 'బాస్' అను పేర భారతీయ భాషలకు అనువుగా ఒక రకమును తయారుచేసినది. హైదరాబాదున 'స్వేచ్ఛ' అను సంస్థ తెలుగులోనే కనబడు సిస్టమును సిద్ధపరచినది. ఉత్తరములు వ్రాయుటకు, పట్టిక చూచుటకు, ఇంటర్నెట్టు చదువుటకు ఇవి చాలును.

పాత యంత్రమును విడువలేని పక్షమున, దానిని నెట్టుకు కలుపక, ఇతరుల పెన్‌డ్రైవ్ పెట్టనీయక, టైపునకు మాత్రము వాడుకొనవచ్చును. నెట్టు లేదను ధీమాతో మాత్రము ఉండరాదు. ఇంటర్నెట్టుకు దూరముగా ఉంచిన ఇరాన్ దేశపు అణు కర్మాగారములోనికి 'స్టక్స్‌నెట్' అను పురుగు పెన్‌డ్రైవ్ మీదనే ప్రవేశించినదని నిపుణుల నిర్ధారణ. 2010లో బయటపడిన ఆ పురుగు మన దేశపు కంప్యూటర్లలోను వేలకొలదిగా కనబడెను.

తక్కిన నియమములు కొద్దివి. అప్‌డేట్ అడిగినప్పుడు రేపనక వేసికొనవలెను. యాంటీవైరస్ గడువు తీరనీయరాదు. విండోస్ 8 మొదలుకొని సిస్టముతోనే ఒకటి ఉచితముగా వచ్చుచున్నది, దానిని ఆపివేయకున్న చాలును. ఉచితముగా ఇత్తుమను దొంగ ప్రతులు వేయరాదు. వానిలోనే పురుగు కూర్చుండి వచ్చును. పాత పురుగులను తొలగించు ఉచిత సాధనములను భారత ప్రభుత్వము 2017 ఫిబ్రవరిలో ప్రారంభించిన సైబర్ స్వచ్ఛతా కేంద్రము ఇచ్చుచున్నది. ముఖ్యమైన కాగితముల ప్రతిని వారమునకొకసారి వేరొక డిస్కులోనికి తీసి, ఆ డిస్కును పెట్టె నుండి విడదీసి బీరువాలో ఉంచవలెను. కలిపియుంచినచో పురుగు దానికిని తాళము వేయును. సొమ్ము పోయినచో సిగ్గుపడక 1930 నంబరునకు వెంటనే ఫోను చేయవలెను. అన్నిటికంటె ముందు, నావలె గాభరాపడి తుడిచివేయింపక, తెలిసినవారిని అడుగవలెను.

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండినవి. ఆ నమోదు పుస్తకమునకు అట్టలు ఊడినవి, అంచులు చివికినవి. ఈ రజతోత్సవ సందర్భమున దానిని మరల ఎత్తి వ్రాయించి, ఒక ప్రతిని ఇచటను, ఒక ప్రతిని వేరొక చోటను ఉంచవలెననియు, మన కంప్యూటరునకు ఏటేట కొంత సొమ్ము బడ్జెటులో ప్రత్యేకించవలెననియు కార్యవర్గమువారికి మనవి చేయుచున్నాను. అటుపై స్వర్ణోత్సవము నాటి పిల్లలు మన పట్టికను తెరచి చూచినప్పుడు, మనము చదివిన ప్రతి పుస్తకపు పేరును వారికి కనబడుగాక!